బంతిని వంచేది కాలమే

శ్రోతలకు నమస్కారం. స్థలం, కాలం కలిసిన స్థలకాలం బరువైన వస్తువుల దగ్గర వంగుతుందని, మనం ఆకర్షణ అనేది ఆ వంపేనని ఐన్‌స్టీన్ చెప్పాడు. దాన్ని వివరించాల్సి వస్తే చాలు, సాగదీసిన రబ్బరు షీటు మీద ఇనుప గుండు పెట్టి చూపిస్తారు. చూడ్డానికి బాగానే ఉంటుంది. కాని గుండు ఆ షీటును కుంగదీయాలంటే భూమి ఆకర్షణ ఉండాలి కదా! దేన్ని వివరించాలో దాన్నే అరువు తెచ్చుకుంటున్నామన్నమాట. అంతకన్నా పెద్ద లోపం, అక్కడ కాలం జాడే లేదు. చేతిలోంచి జారిన వస్తువు నేల మీద పడటంలో స్థలం వంపుకున్న పాత్ర లెక్కలోకి రానంత తక్కువ. పనంతా కాలానిదే.

దగ్గర్లో కాగితం ఉంటే ఈ లెక్క వేసి చూడండి. 10 మీటర్ల అవతలికి బంతి విసిరాం. అది 5 మీటర్లు పైకి లేచి, 2 సెకన్లకు అక్కడ పడింది. సెకనుకు 500 మీటర్లు పోయే తుపాకీ గుండు అదే దూరాన్ని 0.02 సెకన్లలో దాటేస్తుంది. దాని దారి మధ్యలో అర మిల్లీమీటరు ఉబ్బుతుంది, అంతే. ఒకటి పెద్ద కమాను, ఇంకొకటి దాదాపు తిన్నటి గీత. వంగింది స్థలం ఒక్కటే అయితే ఇంత తేడా ఎలా వస్తుంది?

ఇప్పుడు కాలాన్ని కూడా దూరంగా కొలుద్దాం. సెకనుకు కాంతి పోయే 3 లక్షల కిలోమీటర్లే ఒక సెకను పొడవు. అప్పుడు బంతి దారి 6 లక్షల కిలోమీటర్లు, గుండు దారి 6 వేలు. పొడవును వర్గం చేసి, ఉబ్బుకు 8 రెట్లతో భాగిస్తే ఆ వంపు ఎంత వ్యాసార్ధమున్న వృత్తానిదో తెలుస్తుంది. రెండింటికీ ఒకటే జవాబు: సుమారు ఒక కాంతి సంవత్సరం, అంటే కాంతి ఏడాదిలో పోయే దూరం.

ఇక్కడే చాలామంది తడబడతారు. ఈ వంపు నేల మీద నిలబడ్డవాళ్ళకే కనిపిస్తుంది. ఐన్‌స్టీన్ లెక్కలో తిన్నగా పోతున్నది బంతి. నేల అడ్డుపడి ఆ దారి తప్పింది మనం. కాబట్టి అసలు వక్రత పట్టుబడాలంటే రెండు బంతులు కావాలి. గాలి లేనిచోట, మీటరు ఎడంగా పక్కపక్కన వదిలితే రెండూ భూకేంద్రం వైపే పోతాయి. 2 సెకన్లలో 20 మీటర్లు పడేసరికి 3 మైక్రాన్లు దగ్గరవుతాయి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఒకదాని పైన ఒకటి వదిలితే 6 మైక్రాన్లు దూరమవుతాయి. పక్కపక్కన సమంగా బయల్దేరిన తిన్నటి దారులు ఇలా కలవబోవడం, విడిపోవడమే వక్రత. ఎవరు ఎక్కడినుంచి చూసినా అది మాయం కాదు.

కాలం వంపు ఎలా తెలుస్తుందంటే, ఎత్తులో ఉన్న గడియారం కాస్త వేగంగా నడుస్తుంది. 2010లో అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో ఒక పరమాణు గడియారాన్ని 33 సెంటీమీటర్లు పైకెత్తితేనే ఆ తేడా దొరికింది.

మరి స్థలం వంపు ఎక్కడ తేలుతుంది? కాంతి దగ్గర. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే కిరణాన్ని కాలం వంపు 0.87 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తిప్పుతుంది, స్థలం వంపు ఇంకో అంత తిప్పుతుంది. మొత్తం 1.75. 1919 మే 29 సూర్యగ్రహణంలో, సూర్యుడి పక్కన కనిపించే నక్షత్రాల ఫొటోలు తీసి తేల్చాల్సింది సగమా, పూర్తా అన్నదే. బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లో 4 అంగుళాల కటకం 1.98 చూపింది, ఆఫ్రికా పశ్చిమ తీరం దగ్గరి ప్రిన్సిపే దీవిలో 1.61 వచ్చింది. సొబ్రాల్‌లోనే ఇంకో దూరదర్శిని మాత్రం సగానికి దగ్గరి అంకె ఇచ్చింది. ఎండ వేడికి అద్దం ఆకారం మారి ఫోకస్ చెదిరిందని దాన్ని పక్కన పెట్టారు. దాని ఫొటో ప్లేట్ల మీద నక్షత్రాలు చుక్కల్లా కాక అలుక్కుపోయి ఉండటం చూస్తే, ఆ నిర్ణయం సబబే.