దాచింది వేరు, దారి లేనిది వేరు

అందరికీ నమస్కారం. ఏ సైటైనా తెరుచుకోకపోతే చాలు, డార్క్ వెబ్‌లోకి పోయిందబ్బా అనేస్తుండారు మనోళ్ళు. కాదండీ, అది వేరు, ఇది వేరు.

డార్క్ వెబ్ అంటే కావాలని దాచిపెట్టిన సైట్లు. టార్ అనే బ్రౌజర్ ఉండి, అడ్రస్ తెలిస్తే పోవచ్చు. ఆ పద్ధతి మొదలైంది దొంగల దగ్గరేం కాదు, 1990ల్లో అమెరికా నౌకాదళం రీసెర్చ్ ల్యాబ్‌లో.

నేను చెప్పబోయేది ఇంకో రకం. ఎవరూ దాచలేదు, తాళం లేదు, కానీ పోలేం. ఎందుకంటే దారి లేదు.

ఇంటర్నెట్ అంటే ఒక్కటే పెద్ద వైరు కాదు, వేలాది నెట్‌వర్కులు. ఫలానా అడ్రసులకి నా మీదుగా రండి అని ఒకదానికొకటి చెప్పుకుంటా ఉంటాయి, ఆ పద్ధతి పేరు బీజీపీ. చెప్పడం ఆపేశాయనుకోండి, బుచ్చిరెడ్డిపాళెం ఉన్నచోటే ఉండి రోడ్లు మాత్రం మాయమైనట్టే.

2021 అక్టోబర్ 4 గుర్తుందా? సోమవారం, రాత్రి తొమ్మిది దాటింది, ఫేస్‌బుక్, వాట్సాప్, ఇన్‌స్టా మూడూ ఒక్కసారిగా పడిపోయినాయి. వాట్సాప్‌లో రొయ్యల కౌంటు రేటు చూసుకునే మన చెరువుల రైతుల సంగతి చెప్పక్కర్లేదు, కావలిలో, ఒంగోల్లో ఎంతమంది ఫోన్ ఆపి ఆన్ చేసుంటారో. జరిగిందేందంటే, మెయింటెనెన్స్‌లో ఇచ్చిన ఒక కమాండ్ వాళ్ళ డేటా సెంటర్లని కలిపే లైన్లన్నీ తెంపేసింది. అది చూసి వాళ్ళ డీఎన్ఎస్ సర్వర్లు (సైటు పేరు చెప్తే దాని అడ్రస్ చెప్పేవి), మా దగ్గరికి రావొద్దని తమ దారుల్ని తామే వెనక్కి తీసేసుకున్నాయి. సర్వర్లు బాగానే ఉండాయి, కరెంటు ఉంది, మన ఫోటోలు భద్రంగా ఉండాయి, దారి లేదంతే. ఇంకో తమాషా, బాగుచేసే ఇంజినీర్లు కూడా ఆ దారిలోనే లోపలికి పోవాలి! దాంతో మనుషులే డేటా సెంటర్లకి పోయినారు, అక్కడ సెక్యూరిటీ ఎంత గట్టిదంటే లోపలికి పోవడానికే టైం పట్టింది. మొత్తం ఆరు గంటల దాకా. నాకైతే భలే నచ్చుతుంది ఈ కథ.

2008 ఫిబ్రవరిలో ఇంకోలా జరిగింది, పాకిస్తాన్‌లో యూట్యూబ్ ఆపబోయి పెట్టిన తప్పుదారి ప్రపంచమంతా పాకి, రెండు గంటలు చాలా దేశాల్లో యూట్యూబ్ అందలేదు.

అందుకని సైటు రాకపోతే ముందు వైఫై తీసేసి మొబైల్ డేటాతో చూడండి, లేదంటే వేరే కంపెనీ సిమ్ ఉన్నోళ్ళని చూడమనండి. ఒకదాంట్లో వచ్చి ఇంకోదాంట్లో రాకపోతే తేడా చాలావరకు మీ నెట్ కంపెనీ వైపే. ఎవరికీ రాకపోతే సైటు వాళ్ళదే. రెండిటికీ ఫోన్ రీసెట్ కొట్టే పనిలేదు, షాపులో 500 ఇచ్చే పని అసలే లేదు.