సీటు వెనక చూశాకే బయానా

నమస్కారమండీ. ఈ రోజు ఒక రైతు గారి కొట్టం ముందు ఉన్నాం. నా వెనక కనబడుతున్న పాత ట్రాక్టర్ మాసీ ఫెర్గూసన్ 1035, 1991 మోడల్. కొందామని వచ్చాను. బేరం ఇంకా కుదరలేదు, ఆయన లోపల టీ పెట్టిస్తున్నారు. ఈలోపు మనం చూడాల్సింది చూసేద్దాం.

ముందు ఒక చిన్న పని. తొమ్మిది పళ్ళ కల్టివేటర్ తగిలించి, లిఫ్ట్ పూర్తిగా పైకెత్తి, ఇంజిన్ ఆపేశాను. పక్కన కంది కట్టె ఒకటి దొరికింది. నేలకీ మధ్య పన్ను కొసకీ ఎంత ఎత్తుందో సరిగ్గా అంతకి విరిచాను. ఇలా నిలబెడితే కొస తాకీ తాకనట్టు ఉంది, చూశారా? టైము పదీ ఐదు. ఈ కట్టె సంగతి మళ్ళీ చెబుతాను. తమ్ముడూ, ఆ పిల్లల్ని కల్టివేటర్ కిందకి పోనివ్వకు.

పాత బండి కొనడానికి వెళ్ళినవాళ్ళలో నూటికి తొంభై మంది చేసే పని ఒకటే. సెల్ఫ్ కొట్టించడం, చప్పుడు వినడం, పొగ చూడటం, తల ఊపడం. అది అవసరమే, కాదనను. నేను కూడా పొద్దున ఏడింటికే, ఫోన్ చేయకుండా వచ్చాను. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది, అంటే మన కోసం ముందే వేడి చేసి ఉంచలేదు. సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంది. మొదట కాస్త తెల్ల పొగ, రెండు నిమిషాల్లో పోయింది. నీలం పొగ ఆగకుండా వస్తే ఆయిల్ తాగుతోందని లెక్క. ఆయిల్ పోసే మూత తీసి చూశాను, గాలి గుప్పుగుప్పున కొట్టడం లేదు. రేడియేటర్ నీళ్ళ మీద నూనె జిడ్డు లేదు. ఇంజిన్ పర్వాలేదు.

ఇంజిన్ బాగాలేకపోయినా నేను పెద్దగా భయపడేవాణ్ణి కాదు. ఇది సింప్సన్ కంపెనీ మూడు సిలిండర్ల ఇంజిన్. లైనర్లు, పిస్టన్లు, రింగులు ఏ టౌనులోనైనా దొరుకుతాయి, విప్పి బిగించే మేస్త్రీలు ప్రతి మండలంలో ఉన్నారు. బండి ఖరీదు అసలు ఉండేది సీటు వెనక.

ఈ మాట నాకు డబ్బు పోయాక తెలిసింది. ఆరేళ్ళ క్రితం డెల్టాలో ఒక బండి కొన్నాను. కొత్త ఎర్ర రంగు, కొత్త స్టిక్కర్లు, ఇంజిన్ చప్పుడు వింటే ముద్దొచ్చేది. ఇంటికి తెచ్చిన నెలకి లిఫ్ట్ బద్ధకించింది. వెనక హౌసింగ్, అంటే సీటు కింద గేర్లుండే పెట్టె, నుంచి ఆయిల్ దింపిస్తే మజ్జిగలా తెల్లగా పడింది. నీళ్ళు కలిసిపోయాయి. ఆ బండి ఏళ్ళ తరబడి కేజ్ వీల్స్, అంటే బురదలో వేసే ఇనుప చక్రాలు, వేసుకుని దమ్ములో తిరిగింది. బురదలో మునిగి తిరిగే బండికి ముందు పోయేది వెనక యాక్సిల్ ఆయిల్ సీళ్ళే. సీలు పోతే బయటికి ఆయిల్ వస్తుంది, లోపలికి బురద నీళ్ళు పోతాయి.

ఇక్కడే ఈ పాత మాసీల తీరు అర్థం చేసుకోవాలి. వీటి మూలం ఇంజినీరు హ్యారీ ఫెర్గూసన్ పద్ధతి. 1946 నుంచి 1956 దాకా ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో తయారైన చిన్న బూడిద రంగు ట్రాక్టర్ టీఈ 20, దాని తర్వాత వచ్చిన 35 మోడల్. ఆ వంశాన్నే చెన్నైలోని ట్రాక్టర్ల కంపెనీ టాఫే మన దగ్గరికి తెచ్చింది. అందులో హైడ్రాలిక్ పంపు బయట ఎక్కడో ఉండదు, వెనక హౌసింగ్ లోపల ఆయిల్‌లో మునిగి ఉంటుంది. గేర్లు తడిసేదీ, డిఫరెన్షియల్ తిరిగేదీ, లిఫ్ట్ లేచేదీ ఒకే ఆయిల్‌తో. అంటే చక్రం దగ్గర ఒక చిన్న సీలు పోతే, ఆ నీళ్ళు పంపు దాకా నడిచొస్తాయన్నమాట. వందలతో పోయే పని వేలకి పాకుతుంది.

అందుకే ఈసారి మెట్ట ఊరికి వచ్చాను. ఈ బండి మినుముకీ కందికీ దున్నింది, మాగాణి ఎరగదు. అమ్మేవాళ్ళ మాట నమ్మక్కర్లేదు, చక్రం లోపలి వైపు చూడండి. దుమ్ము పొడిగా ఉంది. తడి మట్టి జిడ్డుగా అట్ట కట్టి ఉంటే సీలు కారుతున్నట్టే. వెనక హౌసింగ్ డిప్‌స్టిక్ తీసి వేళ్ళ మధ్య రుద్దితే ఆయిల్ నల్లగా ఉంది, పాలు కలిసినట్టు లేదు. నలుపుకి నాకు బాధ లేదు, తెలుపుకే.

ఇంకోటి. పనిముట్టుని పైనుంచి పట్టే కడ్డీ, టాప్ లింక్, దాన్ని తగిలించే కొక్కెం ఉంటుంది కదా, కల్టివేటర్ తగిలించక ముందే దాన్ని రెండు చేతులా పట్టి ముందుకీ వెనక్కీ లాగాను, క్లిప్ వేస్తాను చూడండి. దాని వెనక గట్టి స్ప్రింగు ఉంటుంది. నాగలి గట్టి నేలలో పడి లాగుడు పెరిగితే, టాప్ లింక్ ఆ స్ప్రింగుని నొక్కుతుంది, లిఫ్ట్ కాస్త లేచి బరువు తగ్గిస్తుంది. ఫెర్గూసన్ గొప్పతనమంతా ఆ నొక్కుడులోనే ఉంది. చేత్తో లాగితే అది టకటకా ఆడకూడదు. దీనికి కొంచెం ఆడుతోంది, నట్టు బిగిస్తే సరిపోతుందో స్ప్రింగే మార్చాలో విప్పితే గానీ తెలియదు. బేరంలో వాడుకుంటా.

అన్నట్టు, ఈ రకం బండిలో పీటీఓ, అంటే ఇంజిన్ శక్తిని వెనక పనిముట్లకి ఇచ్చే షాఫ్ట్, దాని లివర్ వేయకపోతే లిఫ్ట్ లేవదు. తెలియనివాళ్ళు లిఫ్ట్ పోయిందని ధర తగ్గించమంటారు, అమ్మేవాళ్ళు లోలోపల నవ్వుకుంటారు.

ముందు యాక్సిల్ మధ్య పిన్ను అరిగింది, జాకీ పెట్టి ఊపితే తెలిసింది. స్టీరింగు నాలుగు వేళ్ళు ఖాళీ తిరుగుతోంది. వెనక టైర్లు సగానికి పైగా ఉన్నాయి. అవర్ మీటర్ ఆగిపోయి ఎన్నాళ్ళయిందో, దాన్ని చూసి ఏ లెక్కా వేయకండి.

ఇక కాగితాలు. ఆర్సీకి మొదట 15 ఏళ్ళు, తర్వాత ఐదేసి ఏళ్ళకి రెన్యువల్. 1991 బండి అంటే 2006 నుంచి వరుసగా రెన్యువల్స్ పడి ఉండాలి, లేకపోతే ఆ ఖర్చు ఎవరిదో ఇప్పుడే తేల్చుకోవాలి. ఛాసిస్ నంబరు రంగు గీకి మరీ చదవండి. ట్రక్కు, అంటే వెనక తగిలించే ట్రైలర్, కూడా ఇస్తామంటే దాని ఆర్సీ వేరుగా అడగండి. ఫైనాన్స్ పేరు ఆర్సీలో ఉంటే అప్పు తీరిందన్న నోటి మాట చాలదు, ఆ పేరు తీయించే ఫారం 35 కావాలి. నా పాత బండి అమ్మినాయన అప్పు నిజంగానే తీర్చేశాడు, పేరు మాత్రం తీయించలేదు. ఆ ముక్క కాగితం కోసం ఎనిమిది నెలలు తిరిగాను. బదిలీకి ఫారం 29, 30 మీద సంతకాలు డబ్బిచ్చే రోజే పెట్టించుకోండి.

ఆ, టైము పదీ ముప్పై. కట్టె తెద్దాం. నిలబడటం లేదు, చూశారా? పన్ను కిందకి వచ్చింది, కట్టె రెండు వేళ్ళు పొడుగైంది. ఇరవై ఐదు నిమిషాల్లో రెండు వేళ్ళంటే ముప్పై ఏళ్ళు దాటిన బండికి నాకు ఓకే. ఐదు నిమిషాల్లో నేలకి దిగితే మాత్రం సిలిండర్ రింగులో, కంట్రోల్ వాల్వో చూపించుకోవాలి.

ఆయన లక్షా ముప్పై చెప్పారు. నేను లక్షా ఐదు అడుగుతా, మధ్య పిన్నుకీ స్టీరింగుకీ అయ్యే ఖర్చు తీసేసి. టీ వచ్చింది, పిలుస్తున్నారు. తమ్ముడూ, కెమెరా ఆపెయ్, బేరం దగ్గర వద్దు.