పిల్లలకి జాజ్: మెట్రోనోమ్ క్లిక్‌ని టూ, ఫోర్ మీద పట్టించడం ఎలా

హాయ్ అండీ. పిల్లలకి జాజ్ మొదలుపెట్టే టీచర్ల కోసం ఈ వీడియో. ఇవాళ థియరీ లేదు. ఒక బ్లూస్ పాట, ఒక మెట్రోనోమ్ (సమానంగా క్లిక్ కొట్టే లయ పరికరం), అంతే.

ముందు ఫారం, అంటే పాటలో కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) వచ్చే వరస, స్క్రీన్ మీద ఉంది చూడండి. మొత్తం 12 బార్లు, బార్‌కి నాలుగు బీట్లు: వన్, టూ, త్రీ, ఫోర్. బి ఫ్లాట్ సెవెన్ నాలుగు, ఈ ఫ్లాట్ సెవెన్ రెండు, మళ్ళీ బి ఫ్లాట్ రెండు. తర్వాత ఎఫ్, ఈ ఫ్లాట్, బి ఫ్లాట్, ఎఫ్, ఒక్కోటి ఒక్కో బార్. అయిపోయింది. కొన్ని వాయిద్యాల స్వరాల పేర్లు పియానోతో కలవవు, అందుకని ట్రంపెట్‌కి, టెనర్ శాక్స్‌కి ఇదే సి లో రాసివ్వాలి, ఆల్టో శాక్స్‌కి జి లో. పియానో కాగితమే అందరికీ జిరాక్స్ తీసిచ్చారనుకోండి, మొదటి బార్‌లోనే గోల.

ఇప్పుడు స్వింగ్, అంటే బీట్‌లోని రెండు నోట్లలో మొదటిది పొడుగ్గా, రెండోది పొట్టిగా వాయించే జాజ్ నడక. కర్ణాటక సంగీతం నేర్చిన పిల్లలుంటే సగం పని అయినట్టే. తకిట, తకిట అనిపించండి. ఇప్పుడు 'కి' మింగేసి, 'త' సాగదీయండి. తా...ట, తా...ట. మీడియం టెంపోలో స్వింగ్ దాదాపు ఇదే. స్పీడ్ పెరిగేకొద్దీ రెండు నోట్లూ సమానానికి దగ్గరవుతాయి, అక్కడ తకిట పట్టుకుని వేలాడకండి. వాయిద్యం ముట్టుకోకముందే నోటితో పాడించాలి. జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు క్లార్క్ టెరీ లాంటి మాస్టర్లు కూడా విని, పాడి, అనుకరించడం మీదే నిలబెట్టారు పాఠాన్ని.

సరే, అసలు కష్టం ఇక్కడుంది. నెమ్మదిగా చూద్దాం.

పాట నిమిషానికి 120 బీట్లయితే మెట్రోనోమ్‌లో 60 పెట్టండి, రెండు బీట్లకి ఒక క్లిక్. క్లిక్ వన్ మీద కాదు, టూ మీద, ఫోర్ మీద. క్లిక్ వస్తోంది కదా, దానితోపాటు టూ... ఫోర్... టూ... ఫోర్... అంతే అనిపించండి. వన్ ఊసెత్తొద్దు. నాలుగైదు సార్లయ్యాక మధ్యలో త్రీ చేర్చండి. అది కుదిరాకే వన్. కాలు వన్‌కి, త్రీకి. చప్పట్లు టూకి, ఫోర్‌కి.

ఏమవుతుందంటే, రెండు మూడు బార్లు బాగానే నడుస్తుంది, తర్వాత క్లిక్ మెల్లగా వన్ అయిపోతుంది. ఒకటే చప్పుడు పదేపదే వస్తుంటే చెవి దాన్నే సమం, అంటే తాళం మొదటి దెబ్బ, అనుకుంటుంది. తాళం వేసే అలవాటున్న పిల్లలకి ఇది ఇంకా ఎక్కువ. చేతులు చూసి మోసపోకండి, చప్పట్లు క్లిక్ మీదే పడుతుంటాయి. మధ్యలో ఒకర్ని అడగండి: "ఇప్పుడు క్లిక్ ఎంత?" "వన్" అన్నారా, జారిపోయినట్టే. మెట్రోనోమ్ ఆపకండి. మళ్ళీ టూ... ఫోర్... నుంచే.

అన్నట్టు, బీప్ సౌండ్ పెట్టకండి, పది నిమిషాల్లో చెవులు గుయ్యిమంటాయి. ఉడ్‌బ్లాక్ సౌండ్ హాయి. డ్రమ్స్ ఉన్న గదిలో ఫోన్ స్పీకర్ వినపడదు, వైరు పెట్టి యాంప్‌లో వేయండి. కార్డ్స్ కోసం నేనైతే ఐరియల్ ప్రో యాప్ వాడతా, కీ మార్చడం సుఖం.

ఇక సోలో. మూడే స్వరాలివ్వండి: బి ఫ్లాట్, డి ఫ్లాట్, ఈ ఫ్లాట్. రెండు బార్లు వాయించాలి, రెండు బార్లు ఊరుకోవాలి. ఊరుకోరు! ఆ రెండు బార్లూ టూ, ఫోర్ మీద చప్పట్లు కొట్టించండి, చేతులకి పని దొరుకుతుంది.

120 నిలబడ్డాక 132కి వెళ్ళండి. మెట్రోనోమ్‌లో మాత్రం 66.