రంజీ పరుగులు సరే, ఎప్పుడు దిగి కొట్టాడు?

యాంకర్: హలో, ఎక్కడి నుంచండీ?

కాలర్: నమస్కారమండీ, విజయనగరం నుంచి. టీవీ సౌండ్ ముందే తగ్గించేశాను.

యాంకర్: బతికించారు. అడగండి, సార్ వింటున్నారు.

కాలర్: సార్, దేశవాళీ రంజీ ట్రోఫీలో ఎక్కువ కొట్టినవాణ్ణి టెస్టుల్లో నేరుగా మూడో నంబర్ బ్యాటర్‌గా దింపేయొచ్చు కదా? కరుణ్ నాయర్ 2024-25 రంజీలో విదర్భకి 863 కొట్టాడు. ఇంగ్లండ్ తీసుకెళ్లి మొదటి టెస్టులో ఆరో నంబర్లో, తర్వాత రెండింట్లో మూడో నంబర్లో, ఓవల్‌లో ఐదో నంబర్లో దింపారు. ఇలా తిప్పితే ఎవడు కుదురుకుంటాడండీ?

విశ్లేషకుడు: తిప్పడం నాకూ నచ్చలేదు. కానీ 863 అన్న అంకె ఒక్కటే చూసి నంబర్ ఇవ్వలేమండీ. అతను క్రీజులోకి వచ్చేసరికి స్కోరెంత? కేరళతో రంజీ ఫైనల్ తీసుకోండి. 24కి 3 వికెట్లు పోయాక వచ్చి 86 చేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో 7కే 2 పడ్డాక వచ్చి 135. పేరుకి మిడిలార్డర్, ఆడింది కొత్త బంతినే. అందుకే మూడో నంబర్లో చూడటం తప్పు కాదంటాను. అక్కడ 31, 26, 40, 14 చేశాడు. నాలుగింట్లో మూడుసార్లు కుదురుకున్నాకే అవుటయ్యాడు. అది వేరే జబ్బు.

కాలర్: అయితే మన ఆంధ్రా హనుమ విహారిని టెస్టులో ఓపెనింగ్‌కి పంపడం?

విశ్లేషకుడు: 2018లో ఆస్ట్రేలియాతో మెల్‌బోర్న్ టెస్టు! రెగ్యులర్ ఓపెనర్ కానే కాదు. 66 బంతులు కాచుకుని 8 పరుగులు చేశాడు. బంతి మెరుపు తగ్గించే పని అప్పజెప్పారు, చేసిపెట్టాడు. మరుసటి టెస్టుకే మళ్లీ కిందికి పంపారు. దేశవాళీలో ఎన్ని కొట్టినా అలాంటి చోట ఉపయోగం ఉండదండీ.

కాలర్: మరి రోహిత్ సార్? మా ఊళ్లో వార్మప్ మ్యాచ్‌లో ఓపెనర్‌గా దిగి డకౌట్. వారం తిరక్కుండా వైజాగ్ టెస్టులో 176, 127!

విశ్లేషకుడు: (నవ్వుతూ) పట్టేశారు. ఆ డకౌట్ చూసి పక్కన పెట్టుంటే ఏమయ్యేదో! కాకపోతే వన్డేల్లో 2013 నుంచి ఓపెనరే కదా, కొత్త బంతి అలవాటే. ఒక్క ఇన్నింగ్స్‌ని ఫామ్ అనకండి, సీజన్ మొత్తం చూడండి. 1999-2000లో లక్ష్మణ్ హైదరాబాద్‌కి 1415 కొట్టాడు, అదీ ఫామంటే.

కాలర్: అయితే ఇకమీదట స్కోర్‌కార్డులో ఏం చూడమంటారు?

విశ్లేషకుడు: ముందు వికెట్లు పడిన వరుస చూడండి. 200కి 2 ఉన్నప్పుడు వచ్చి కొట్టిన వందకీ, 20కి 2 ఉన్నప్పుడు కొట్టిన అరవైకీ పోటీ పెడితే, మూడో నంబర్‌కి నా ఓటు ఆ అరవైకే. ఐదు, ఆరుకైతే స్పిన్ ఎలా ఆడాడో, చివర్లో వచ్చే టెయిలెండర్లతో ఎంతసేపు లాగాడో చూస్తాను. ఆ పరుగులు రంజీలో బలమైన జట్లుండే ఎలైట్ గ్రూపులోనా, కింది స్థాయి ప్లేట్ గ్రూపులోనా అన్నది కూడా మర్చిపోకండి.

కాలర్: మా ఫ్రెండ్స్ ఒప్పుకోరు సార్.

యాంకర్: వాళ్లనీ ఫోన్ చేయమనండి! చిన్న విరామం తర్వాత కరీంనగర్ కాలర్‌తో మాట్లాడదాం.