ఫాల్స్ అని రాసినా బిల్డ్ ఎందుకు ఆగదు?

నమస్కారం. ఈ ఒక్క విషయం మీద వీడియో చెయ్యాలని చాలా రోజుల నుంచి ఉంది. ఎందుకంటే ఎవరి ప్రాజెక్టు తెరిచినా నాకు ఇదే తప్పు కనిపిస్తోంది. డెవలప్‌మెంట్‌లో కోడ్ మినిఫై అవ్వకూడదనుకుంటారు, అంటే ఖాళీలవీ తీసేసి కుదించకూడదని. మినిఫై ఈక్వల్ టు ఫాల్స్ అని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్, అంటే ప్రోగ్రామ్‌కి బయటి నుంచి ఇచ్చే సెట్టింగ్, పెడతారు. బిల్డ్ కొడతారు. తీరా చూస్తే ఫైళ్లన్నీ మినిఫై అయ్యే ఉంటాయి. ఇక టెన్షన్ మొదలు. గల్ప్‌లో (బిల్డ్ పనులు నడిపే టూల్ అది) బగ్ ఉందంటారు, కాష్ తుడుస్తారు, నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ మొత్తం తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. గల్ప్ తప్పు ఇందులో ఏమీ లేదు.

గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడనుకోండి. వచ్చిన మనిషి చేతిలో రాసిన చీటీ ఉంటే లోపలికి పంపాలి, లేకపోతే ఆపాలి. అతనికి చెప్పింది అంతే. చీటీలో ఏముందో చదవడం అతని పని కాదు. ఇప్పుడు మీరు "ఇతన్ని పంపొద్దు" అని చీటీ రాసి, అదే మనిషి చేతికిచ్చి పంపారు. వాచ్‌మన్ చీటీ చూశాడు, గేటు తీశాడు.

మీ కాన్ఫిగ్‌లో ఉన్న ఇఫ్ అచ్చం ఆ వాచ్‌మనే. ప్రాసెస్ డాట్ ఎన్వ్‌లో నుంచి, అంటే నోడ్‌లో ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ దొరికే చోటు నుంచి, వచ్చే ప్రతి విలువా స్ట్రింగే, ఉత్త అక్షరాలే. అక్కడ బూలియన్, అంటే అసలైన ట్రూ, ఫాల్స్, ఉండదు. ఫాల్స్ అనేది రాత ఉన్న చీటీ, ఖాళీ స్ట్రింగ్ కాదు, కాబట్టి ఇఫ్ దాన్ని ట్రూ కిందే లెక్కేస్తుంది. సున్నా పెట్టినా అంతే, వచ్చేది సున్నా అనే అక్షరం, అంకె కాదు. నోడ్ కోడ్‌లోనే మీ చేత్తో అసలైన ఫాల్స్ ఇచ్చినా, ప్రాసెస్ డాట్ ఎన్వ్ దాన్ని స్ట్రింగ్‌గా మార్చేసి దాచుకుంటుంది. అస్సలు పెట్టకపోతేనో, ఖాళీగా పెడితేనో మాత్రమే గేటు మూసుకుంటుంది.

ఇంకో చిక్కుంది. అనుమానం వచ్చి కన్సోల్ లాగ్ చేస్తారా, తెర మీద ఫాల్స్ అనే పడుతుంది! కొటేషన్లు కనిపించవు. చాలామంది గంటలు గంటలు పోగొట్టుకునేది ఇక్కడే. అందుకే నేనెప్పుడూ జేసన్ స్ట్రింగిఫై చేసి ప్రింట్ చేస్తాను. కొటేషన్లు కనిపించాయంటే అది స్ట్రింగే.

పరిష్కారం? చీటీ చదవమని వాచ్‌మన్‌కి చెప్పండి. విలువ ట్రూ అనే స్ట్రింగ్‌తో సరిగ్గా సమానమా అని ట్రిపుల్ ఈక్వల్స్‌తో అడగండి. కొందరు "ఫాల్స్ కాకపోతే నడుపు" అని తిరగేసి రాస్తారు. నాకది నచ్చదు. స్పెల్లింగ్ ఒక్క అక్షరం తప్పితే పని నడిచిపోతుంది. ఆ పని డిప్లాయ్ అయితే, అంటే కోడ్‌ని నేరుగా యూజర్ల దగ్గరికి పంపేదైతే? అనుమానం ఉన్నప్పుడు గేటు మూసి ఉండడమే మేలు.

విండోస్ వాళ్లు ఇది వినండి. మీ కమాండ్ విండో సీఎండీ గురించి. సీఎండీలో సెట్ కమాండ్‌తో ట్రూ అని పెట్టి, ఒక ఖాళీ వదిలి, రెండు యాంపర్సాండ్లు కొడతాం కదా. ఆ ఖాళీ కూడా విలువలోకి వెళ్లిపోతుంది. చీటీలో ఒక చుక్క ఎక్కువ పడినట్టు. ట్రిపుల్ ఈక్వల్స్ దాన్ని ఒప్పుకోదు. క్రాస్ ఎన్వ్ ప్యాకేజీ వాడితే ఆ గొడవ ఉండదు, లైనక్స్‌లోనూ అదే స్క్రిప్ట్ నడుస్తుంది.

ఇప్పుడు గల్ప్ 4. టాస్క్ లోపల షరతు రాసి, వద్దనుకుంటే ఉత్త రిటర్న్‌తో బయటికి వచ్చేస్తారు. బిల్డ్ అక్కడే ఆగిపోతుంది, టాస్క్ పూర్తి కాలేదని మెసేజ్ వస్తుంది. వాచ్‌మన్ మనిషిని వెనక్కి పంపేశాడు, కానీ ఆ మాట లోపలికి చెప్పలేదు. వాళ్లింకా ఎదురుచూస్తూనే ఉన్నారు. ఫంక్షన్ ముందు అసింక్ పెట్టండి, లేదా వెనక్కి వచ్చే ముందు డన్ కాల్‌బ్యాక్ పిలవండి. పని చెయ్యకపోయినా, అయిపోయిందని చెప్పాలి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. రెండు యాంపర్సాండ్లంటే ముందు కమాండ్ ఎగ్జిట్ కోడ్, అంటే అది ముగిశాక ఇచ్చే అంకె, సున్నా అయితేనే తర్వాతది నడుస్తుంది. ఇక్కడ మాత్రం సున్నా అంటే సక్సెస్, కలగలపకండి. కొన్ని ప్యాకేజీల్లోనే బిల్డ్ స్క్రిప్ట్ ఉంటే, ఎన్‌పీఎం రన్‌కి ఇఫ్ ప్రెజెంట్ ఆప్షన్ ఇవ్వండి, లేనిచోట ఎర్రర్ రాదు. వెబ్‌ప్యాక్‌లో మోడ్ ప్రొడక్షన్ అని ఇచ్చినంత మాత్రాన కాన్ఫిగ్ ఫైల్‌లో నోడ్ ఎన్వ్ అనే వేరియబుల్ మారదు. కాన్ఫిగ్‌ని ఫంక్షన్‌గా రాసి, రెండో ఆర్గ్యుమెంట్ నుంచి మోడ్ తీసుకోండి. వీట్‌లోనూ ఫంక్షన్‌గా రాస్తే కమాండ్, మోడ్ రెండూ చేతికొస్తాయి. ఈ రెండూ గల్ప్ లాగే బిల్డ్ టూల్సే.

ఇక మీ కాన్ఫిగ్ తెరిచి ప్రాసెస్ డాట్ ఎన్వ్ అని వెతకండి. పోలిక లేకుండా ఉత్త ఇఫ్‌లో ఎక్కడ కనిపిస్తే అక్కడి నుంచి మొదలుపెట్టండి.