అలాస్కా దగ్గరికి వచ్చే రష్యా బాంబర్లు సరే, అమెరికా అసలు భయపడాల్సింది దేనికి?

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబర్ 23న అలాస్కా దగ్గర తీసిన ఒక వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. అమెరికా ఎఫ్-16 కాక్‌పిట్ నుంచి తీసింది అది. రష్యా బాంబర్ ఒకటి నింపాదిగా వెళ్తుంటుంది, దాని మీద ఓ కన్నేసి ఉంచడానికి ఎఫ్-16 కూడా వెంట వెళ్తుంటుంది, ఇంతలో వెనక నుంచి రష్యా సుఖోయ్-35 ఒకటి ఎఫ్-16 ముక్కుకి తగులుతుందేమో అన్నంత దగ్గరగా దూసుకుపోతుంది. అంతకు రెండు నెలల ముందు, జులై 24న, రెండు రష్యా బాంబర్లు, రెండు చైనా బాంబర్లు కలిసి అలాస్కా వైపు వచ్చాయి. ఆ రెండు దేశాలూ కలిసి అలా రావడం అదే మొదటిసారి. ఇక చూడండి, ఎక్కడ చూసినా మూడో ప్రపంచ యుద్ధం మొదలైపోయిందన్నట్టు థంబ్‌నెయిల్స్.

ముందు ఒక విషయం క్లియర్ చేసుకుందాం. ఆ బాంబర్లు అమెరికా గగనతలంలోకి రాలేదు. ఏ దేశానికైనా సొంత గగనతలం అంటే తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు, అంటే 22 కిలోమీటర్లు. దాని అవతల వచ్చే విమానాలు ఎవరివో ముందే తెలుసుకోవడానికి అమెరికా, కెనడా చాలా దూరం వరకు ఒక గుర్తింపు జోన్ గీసుకున్నాయి. అక్కడ అంతర్జాతీయ గగనతలమే, ఎవరైనా ఎగరొచ్చు. ఈ రెండు దేశాలూ కలిసి నడిపే గగనతల రక్షణ సంస్థ నోరాడ్ కూడా ఇలాంటివి తరచూ జరుగుతుంటాయనీ, వీటిని ముప్పుగా చూడటం లేదనీ తన ప్రకటనల్లో ఎప్పుడూ చెబుతూనే ఉంటుంది. ఆ సుఖోయ్ పైలట్ చేసింది మాత్రం ప్రమాదకరమైన పనే, దాన్ని నోరాడ్ కమాండర్ జనరల్ గియో గట్టిగానే తప్పుపట్టారు.

ఈ బాంబర్ పేరు టీయూ-95. దగ్గరగా చూడాలంటే అలాస్కా దాకా వెళ్లక్కర్లేదు, విశాఖ ఆర్కే బీచ్‌కి వెళ్తే చాలు. అక్కడ మ్యూజియంగా పెట్టిన టీయూ-142 ఈ కుటుంబానిదే, టీయూ-95ని సముద్రం మీద నిఘా కోసం మార్చి చేసిన రకం. మన నేవీ దాన్ని 1988 నుంచి 2017 వరకు వాడింది. రెక్కల కింద నిలబడి పైకి చూడండి. నాలుగు ఇంజన్లు, ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటిగా రెండు ప్రొపెల్లర్లు, ఒకటి ఇటు తిరిగితే ఇంకోటి అటు తిరుగుతుంది. ఈ డిజైన్ మొదటిసారి గాల్లోకి లేచింది 1952లో. అంత పాతదాన్ని రష్యా ఇంకా ఎందుకు వాడుతోందంటే దాని కింద తగిలించే క్రూయిజ్ క్షిపణుల కోసం. వాటి రేంజ్ రెండు వేల కిలోమీటర్లు దాటుతుంది. ఉక్రెయిన్ మీద దాడులకి ఈ బాంబర్లు కాస్పియన్ సముద్రం మీద నుంచే క్షిపణులు వదిలిన సందర్భాలున్నాయి. అంటే అలాస్కా మీద దాడి చేయాలనుకుంటే ఇది అలాస్కా దగ్గరికి రావాల్సిన పనే లేదు, రష్యా భూభాగం మీద నుంచే వదలొచ్చు. పైగా 2025 జూన్ 1న ఉక్రెయిన్ వాళ్లు లారీల్లో దాచి తెచ్చిన డ్రోన్లతో సైబీరియాలోని బెలాయా వైమానిక స్థావరం దాకా వెళ్లి వీటిలో కొన్నింటిని తగలబెట్టారు, ఇవి ఇప్పుడు కొత్తగా తయారు కావడం లేదు కాబట్టి పోయింది పోయినట్టే.

మరి ఎందుకు వస్తున్నాయి? మేం ఉన్నాం, మమ్మల్ని పట్టించుకోండి అని చెప్పడానికి. సోవియట్ యూనియన్ కూలాక 1992లో ఈ దూరపు గస్తీలు ఆగిపోయాయి. 2007 ఆగస్టు 17న పుతిన్ మళ్లీ మొదలుపెట్టించారు. ఆ ఏడాది మొత్తం అలాగే గడిచింది. ఫిబ్రవరిలో మ్యూనిక్ సదస్సులో అప్పటి అమెరికా రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ ఎదురుగా కూర్చుని ఉండగానే, ఒకే దేశం ప్రపంచాన్ని శాసించడం కుదరదని పుతిన్ కుండబద్దలు కొట్టారు. ఆగస్టులో ఉత్తర ధ్రువం కింద నాలుగు వేల మీటర్లకి పైగా లోతున సముద్రపు అడుగున రష్యా జెండా పాతారు. డిసెంబర్‌లో ఐరోపాలో సేనల సంఖ్యకు హద్దు పెట్టే ఒప్పందాన్ని పక్కన పెట్టారు. ఇవన్నీ ఉడత ఊపులే అనుకున్నారు చాలామంది. ఆ మరుసటి ఏడాది ఆగస్టులోనే జార్జియాతో ఐదు రోజుల యుద్ధం, 2014లో క్రిమియా, 2015లో సిరియా, 2022లో ఉక్రెయిన్ మొత్తం మీద దాడి. ఉక్రెయిన్ మీద చేసిన దాడికి ఏ సమర్థనా లేదు, అది నేను స్పష్టంగా చెబుతున్నాను. పక్క దేశం సరిహద్దుల్ని సైన్యంతో మార్చేస్తామంటే ఎవరు చేసినా తప్పే.

కానీ అమెరికా భద్రత గురించి మాట్లాడుకునేటప్పుడు అమెరికా తనంతట తాను చేసినవి కూడా చూడాలి. రెండు చేతులూ కలిస్తేనే కదా చప్పట్లు. 1972లో రెండు దేశాలూ ఒక మాట అనుకున్నాయి: క్షిపణుల్ని కూల్చే రక్షణ వ్యవస్థల్ని పెద్దగా కట్టొద్దు, ఎందుకంటే ఒకడు కవచం కట్టుకుంటే రెండోవాడు దాన్ని చీల్చే కత్తి తయారు చేస్తాడు. 2002లో బుష్ ప్రభుత్వం ఆ ఒప్పందం నుంచి బయటికి వచ్చేసింది. సరిగ్గా దాన్నే ఎత్తిచూపుతూ 2018 మార్చి 1న పుతిన్ తన పార్లమెంటు సభ్యుల ముందు కొత్త ఆయుధాల వీడియోలు వేసి చూపించారు. ఖండాంతర క్షిపణి సర్మత్, ధ్వనికి ఎన్నో రెట్ల వేగంతో దూసుకొచ్చే అవన్‌గార్డ్, అణు ఇంధనంతో ఎగిరే క్షిపణి బ్యూరెవెస్ట్నిక్, సముద్రంలో వెళ్లే డ్రోన్ పొసైడాన్. అన్నీ ఆ కవచాన్ని తప్పించుకోవడానికే. ఒక యానిమేషన్‌లో అయితే వార్‌హెడ్లు, అంటే క్షిపణి తలలో ఉండే అణుబాంబులు, వచ్చి పడేది ఫ్లోరిడాలా కనిపించే చోటే. వీటిలో అన్నీ అనుకున్నట్టు పనిచేస్తున్నాయని కాదు, 2024 సెప్టెంబర్‌లో రష్యాలోని ప్లెసెట్స్క్‌లో సర్మత్ పరీక్షకి ప్రయత్నిస్తే ప్రయోగ స్థలంలోనే పెద్ద గొయ్యి పడినట్టు ఉపగ్రహ చిత్రాల్లో కనిపించింది.

ఇంతా చేసి అమెరికా కట్టిన కవచం ఎంత? ఖండాంతర క్షిపణుల్ని ఆపడానికి భూమి మీద పెట్టినవి 44 ఇంటర్‌సెప్టర్లు. 40 అలాస్కాలోని ఫోర్ట్ గ్రీలీలో, 4 కాలిఫోర్నియాలో. ఉత్తర కొరియా లాంటి దేశం ఒకటో రెండో వదిలితే ఆపడానికి పెట్టినవి అవి. రష్యా మోహరించి ఉంచే వార్‌హెడ్లు పదిహేను వందల పైమాట. లెక్క మీరే వేసుకోండి. 2025లో ట్రంప్ 175 బిలియన్ డాలర్లతో గోల్డెన్ డోమ్ అనే కొత్త కవచం కడతామన్నారు. 2002 నుంచి జరిగిందే మళ్లీ జరుగుతుందని, మాస్కో ఇంకా కొత్త కత్తులు నూరుతుందని నాకు గట్టి అనుమానం.

మన తెలుగువాళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది, రష్యా మనకి పాత మిత్రుడు, అమెరికాకి కాస్త భయం ఉండాల్సిందే అని. ఆ అభిమానం ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు, 1971లో పాకిస్తాన్‌తో యుద్ధమప్పుడు సోవియట్ యూనియన్ మన పక్కన నిలబడటాన్ని ఎవరూ మర్చిపోలేదు. కానీ ఒక్కసారి మ్యాప్ తెరిచి చూడండి. రెడ్‌మండ్, బాతెల్, సియాటిల్ చుట్టుపక్కల మన పిల్లలు ఎంతమంది ఉన్నారు? సియాటిల్ నుంచి నీళ్లు దాటి సుమారు 30 కిలోమీటర్లు వెళ్తే బ్యాంగర్ నేవీ స్థావరం. అణు క్షిపణులు మోసే 14 ఒహాయో సబ్‌మెరైన్లలో 8 అక్కడివే. యుద్ధమంటూ వస్తే రష్యా గురిపెట్టే చోట్లలో అది ముందు వరసలో ఉంటుంది. అందుకే ఇది ఎవరికో బుద్ధి రావాల్సిన విషయంలా నేను చూడలేను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. నన్ను భయపెడుతున్నది ఆ బాంబర్లు కాదు, వాటిని రాడార్‌లో చూడొచ్చు, పక్కన ఫైటర్ జెట్‌ని పంపొచ్చు. 2010లో ఒబామా, అప్పటి రష్యా అధ్యక్షుడు మెద్వెదేవ్ ప్రాగ్‌లో న్యూ స్టార్ట్ అనే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఒక్కో దేశం మోహరించే వార్‌హెడ్లు 1,550 దాటకూడదు, వాటిని మోసే క్షిపణులు, బాంబర్లు 700 దాటకూడదని రాసుకున్నారు. అంకెల సంగతి అందరూ చెబుతారు, తనిఖీల సంగతే ఎవరూ చెప్పరు. ఏడాదికి 18 వరకు తనిఖీలు. అమెరికా ఇన్‌స్పెక్టర్లు రష్యా స్థావరానికి వెళ్లేవారు, రష్యా వాళ్లు అమెరికా స్థావరానికి వచ్చేవారు. ప్రతి క్షిపణికీ, ప్రతి బాంబర్‌కీ సొంత గుర్తింపు నంబర్ ఉండేది. ఇన్‌స్పెక్టర్లు ఎంచుకున్న క్షిపణి ముందు భాగాన్ని తెరిచి చూపించేవారు. డిజైన్ రహస్యం బయటపడకుండా వార్‌హెడ్లకి విడివిడిగా తొడుగులు వేసి ఉంచేవారు, వచ్చినవాళ్లు తొడుగు తీయకుండా, ఎన్ని ఉన్నాయో మాత్రం లెక్కపెట్టుకునేవారు. ఒకరినొకరు నాశనం చేసుకోగల రెండు సైన్యాలు ఒకే గదిలో నిలబడి లెక్క సరిచూసుకునేవి. అలా 328 తనిఖీలు జరిగాయి, ఫలానా క్షిపణిని ఫలానా చోటికి మార్చాం లాంటి సమాచారాలు 25 వేలకి పైగా ఇచ్చిపుచ్చుకున్నారు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల తనిఖీలు ఆగాయి. మళ్లీ మొదలవలేదు. 2023 ఫిబ్రవరిలో పుతిన్ ఒప్పందంలో తమ భాగస్వామ్యాన్ని నిలిపేస్తున్నామన్నారు. 2026 ఫిబ్రవరి 5తో దాని గడువే తీరిపోయింది. దూరపు అణ్వస్త్రాల సంఖ్యకు హద్దు పెట్టే ఒప్పందం ఆ రెండు దేశాల మధ్య ఇప్పుడు ఒక్కటీ లేదు. ఉపగ్రహాలు ఉన్నాయి కదా అంటారు. ఉపగ్రహానికి సైలో మూత, అంటే క్షిపణిని నిలబెట్టి ఉంచే భూగర్భ గొట్టం మూత, కనిపిస్తుంది, లోపలున్న క్షిపణి తలలో ఒక వార్‌హెడ్ ఉందా, మూడు ఉన్నాయా అన్నది కనిపించదు. అమెరికా మినిట్‌మన్ క్షిపణులే తీసుకోండి, ఇప్పుడు ఒక్కోదానికి ఒక్క వార్‌హెడ్ పెట్టారు, కానీ మూడు పట్టేలా కట్టారు. రష్యా వైపూ ఇలాంటి ఖాళీలున్నాయి. ఎదుటివాడు ఎన్ని పెట్టాడో తెలియనప్పుడు సైన్యాలు కాకి లెక్కలు వేసుకుంటాయి, ఆ లెక్క ఎప్పుడూ ఎక్కువ వైపే పోతుంది. దాని బడ్జెట్ కూడా.

సమాచారం అందకపోతే ఏమవుతుందో 1995 జనవరి 25న ప్రపంచం చూసింది. నార్వేలోని ఆండోయా నుంచి శాస్త్రవేత్తలు ధ్రువకాంతుల్ని పరిశోధించడానికి ఒక రాకెట్ వదిలారు. వదులుతామని నార్వే ముందుగానే చాలా దేశాలకీ, రష్యాకి కూడా, తెలియజేసింది. ఆ కబురు రష్యా రాడార్ సిబ్బంది దాకా చేరలేదు. వాళ్లకి అది సబ్‌మెరైన్ నుంచి వచ్చిన అమెరికా క్షిపణిలా కనిపించింది. అప్పటి రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ముందు, అణు దాడికి ఆదేశమిచ్చే బ్రీఫ్‌కేస్ తెరిచారు. రాకెట్ రష్యా వైపు రావడం లేదని తేలే వరకు ఆ కొద్ది నిమిషాలు ఎలా గడిచాయో ఊహించుకోండి. అది కూడా ఎప్పుడు? అమెరికా, రష్యా అధ్యక్షులు భుజాల మీద చేతులేసుకుని నవ్వుకునే రోజుల్లో. ఖండాంతర క్షిపణికి అటు నుంచి ఇటు రావడానికి పట్టేది 30 నిమిషాలు, సబ్‌మెరైన్ దగ్గర్లో ఉంటే అంత కూడా పట్టదు. ఈ రోజుల్లో, ఇంత అపనమ్మకం మధ్య, అలాంటి కబురు ఒకటి దారి తప్పితే?

అంతరిక్షంలోనూ ఇదే టెన్షన్. 2021 నవంబర్ 15న రష్యా తన పాత ఉపగ్రహాన్ని తానే క్షిపణితో పేల్చేసింది. భూమి నుంచి గుర్తించగలిగినంత పెద్ద ముక్కలే 1,500 దాటాయి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్న ఏడుగురూ తమ నౌకల్లోకి వెళ్లి తలుపులు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. అందులో ఇద్దరు రష్యన్లే. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన తండ్రికి పుట్టిన రాజా చారి అప్పటికి నాలుగు రోజుల ముందే అక్కడికి చేరారు. క్షిపణి దాడి మొదలైందా లేదా అని అమెరికాకి ముందుగా చెప్పేవి ఉపగ్రహాలే కాబట్టి, వాటికి ముప్పు వస్తే ఆ 30 నిమిషాల్లో కొన్ని నిమిషాలు కళ్లు మూసుకున్నట్టే.

2025 ఆగస్టు 15న ట్రంప్, పుతిన్ అలాస్కాలోనే కలిశారు, ఆంకరేజ్‌లోని ఎల్మెన్‌డార్ఫ్ స్థావరంలో. అలాస్కా వైపు వచ్చే రష్యా విమానాల్ని అడ్డగించడానికి వెళ్లే ఎఫ్-22లు ఉండే స్థావరం అది. ఉక్రెయిన్ గురించి మాట్లాడుకున్నారు, ఏమీ తేలలేదు. సెప్టెంబర్‌లో పుతిన్ ఒక ప్రతిపాదన చేశారు, గడువు ముగిశాక కూడా ఒక ఏడాది పాత హద్దులకే కట్టుబడదాం అని. అది మంచి ఆలోచనలాగే ఉందని ట్రంప్ అక్టోబర్‌లో అన్నారు. ఆ నెలాఖరుకల్లా రష్యా బ్యూరెవెస్ట్నిక్ పరీక్షించామని ప్రకటించడం, అణు పరీక్షలు మళ్లీ మొదలుపెడతామని ట్రంప్ అనడం. తనిఖీల ఊసు మాత్రం పుతిన్ ప్రతిపాదనలో కూడా లేదు.

ఇంకా తెగని దారం ఒకటుంది. 1988లో రేగన్, గోర్బచేవ్‌ల కాలంలో కుదిరిన ఒప్పందం, ఖండాంతర క్షిపణిని గానీ సబ్‌మెరైన్ క్షిపణిని గానీ పరీక్షించే ముందు ఒకరికొకరు చెప్పుకోవాలని. న్యూ స్టార్ట్‌ని ఆపేసినప్పుడు కూడా దీన్ని పాటిస్తామనే రష్యా చెప్పింది. ఉక్రెయిన్ యుద్ధం ఎలా ముగిసినా, నాటో మీద గొడవ ఎన్నాళ్లు సాగినా, దీని జోలికి ఎవరూ వెళ్లకూడదు. ఆ తర్వాత మొదట జరగాల్సింది ఇన్‌స్పెక్టర్లు మళ్లీ విమానం ఎక్కడం. దానికి కొత్త ఒప్పందం సంతకాలయ్యే దాకా ఆగాల్సిన పని లేదు, ఇద్దరు అధ్యక్షులు సరే అంటే ఏడాదికి ఒక్క తనిఖీతోనైనా మొదలుపెట్టొచ్చు.