ఏ గిన్నెలో ఏ గుండీ

నమస్కారం. చిన్నపిల్లలకు వేరు చేయడం, వరుస పేర్చడం నేర్పే బొమ్మల గురించి రేడియోలో ఈ నాలుగు మాటలు. మీ వంటగదిలోని పోపుల డబ్బాను ఒకసారి తలచుకోండి. గుండ్రని పెద్ద డబ్బా, లోపల ఏడు చిన్న గిన్నెలు. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినపప్పు, సెనగపప్పు... మిగతావి మీ ఇంటి అలవాటును బట్టి. మా ఇంట్లో మూత సొట్టపడిన పాత డబ్బా ఒకటి అటక మీద ఉండేది. మనవరాలికి మూడేళ్లు నిండి నాలుగో ఏడు నడుస్తున్నప్పుడు దాన్ని దింపి, తోమి, ఎండలో ఆరబెట్టి, చాప మీద పెట్టాను. పక్కనే పాత గుండీల సీసా. ఏం చేయాలో చెప్పలేదు.

పిల్ల గుండీలన్నీ కుమ్మరించింది. కాసేపు రెండు చేతులతో కలియబెట్టింది, ఆ చప్పుడు బాగుందనుకుంటాను. తరువాత ఒక ఎర్ర గుండీ తీసి ఒక గిన్నెలో వేసింది. ఇంకో ఎర్రది దొరికింది, అదే గిన్నెలోకి వెళ్లింది. మూడోసారి చేతికి వచ్చింది నారింజ రంగుది. చెయ్యి ఎర్రవాటి గిన్నె మీద ఆగిపోయింది. గిన్నెకేసి చూసింది, నాకేసి చూసింది. నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ తల ఎత్తలేదు. చివరికి నారింజకు వేరే గిన్నె ఇచ్చింది.

ఆ ఆగిన చెయ్యి గురించే నేను ఈ పూట మాట్లాడదలచుకున్నాను. వేరు చేయడం, వరుస పేర్చడం నేర్పే బొమ్మలు అంగళ్లలో బోలెడు ఉన్నాయి. వాటిలో ఏది కొనాలని తల్లిదండ్రులు అడుగుతుంటారు. బాలవాడిలో చాలా ఏళ్లు పిల్లల మధ్య కూర్చున్నదాన్ని కనుక నాకు కనిపించిన కొలత ఒకటే. పిల్ల చెయ్యి ఒక్క క్షణం ఆగి, ఇది ఎక్కడికి వెళ్లాలి అని తేల్చుకునేటట్టు చేసే బొమ్మ మంచిది. మీట నొక్కగానే పాట పాడి, దీపాలు వెలిగించి, శభాష్ అనే బొమ్మలో ఆ తేల్చుకునే పని బొమ్మే చేసేస్తుంది. పిల్లకు మిగిలేది నొక్కడం.

ఆకారాల పెట్టె మీకు తెలిసే ఉంటుంది. మూతకు రంధ్రాలు, వాటిలో పట్టే దిమ్మెలు. నేనూ ఒకటి కొన్నాను. రెండు రోజులు శ్రద్ధగా ఆడింది. మూడో రోజు మూత ఊడదీసి దిమ్మెలన్నీ ఒక్కసారిగా లోపల పోసి, అయిపోయింది అంది. నాకు నవ్వొచ్చింది. తెలివైన పనే కదా! కానీ ఆ పెట్టెలో అసలు లోపం అది కాదు. గుండ్రని దిమ్మె ఎరుపు, దాని రంధ్రం చుట్టూ ఎర్రటి గీత. చతురస్రం నీలం, దాని చుట్టూ నీలం గీత. ముక్కోణం పసుపు. బిడ్డ అన్నీ సరిగ్గా వేస్తుంటే ఆకారాలు వచ్చేశాయని మనం మురిసిపోతాం. ఆ బిడ్డ ఆకారం చూడనే లేదేమో, రంగుకు రంగు కలిపిందంతే. ఏది చూసి వేసిందో మనకు తెలిసే దారే లేదు.

అందుకే అంగడిలో పెట్టె చేతికి తీసుకున్నప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇందులో ఎర్ర ముక్కోణం, నీలి ముక్కోణం రెండూ ఉన్నాయా? ఉంటే పిల్లలు ఇవాళ రంగును బట్టి, రేపు ఆకారాన్ని బట్టి వేరు చేయగలరు. జోల్తాన్ దియెనిష్ అనే గణిత అధ్యాపకుడి పేరుతో ప్రసిద్ధమైన దిమ్మెల పెట్టె ఒకటుంది. నాలుగు ఆకారాలు, మూడు రంగులు, రెండు పరిమాణాలు, రెండు మందాలు. మొత్తం 48 దిమ్మెలు. ఏ రెండూ ఒకేలా ఉండవు.

ఇది డబ్బు పెట్టి కొనాల్సిన పనికాదు. ప్రతి ఇంట్లోనూ పాత శుభలేఖలు ఒక కట్ట ఉంటాయి, పారేయడానికి మనసొప్పదు, ఉంచుకుని చేసేదీ ఉండదు. వాటి మందపాటి అట్టతో వృత్తం, చతురస్రం, ముక్కోణం కత్తిరించండి. ఒక్కోటి పెద్దదీ చిన్నదీ. ఎరుపు, పసుపు, నీలం కాగితాలు అతికించండి. మూడు ఆకారాలు, మూడు రంగులు, రెండు పరిమాణాలు, వెరసి 18 ముక్కలు. ఒక మధ్యాహ్నం పని.

దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచిన మనిషి ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి అడయారులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆమె రూపొందించిన గులాబీ రంగు గోపురంలో పది ఘనాలు ఉంటాయి. అన్నిటికంటే చిన్నదాని అంచు ఒక సెంటీమీటరు, పెద్దదానిది పది. అన్నీ ఒకే కర్ర, ఒకే రంగు, ఒకే ఆకారం. తేడా పరిమాణంలోనే. పిల్ల చూపు మరో వైపు పోవడానికి వీల్లేదు. మరి ఒక్క తేడా ఉన్న బొమ్మ మంచిదా, నాలుగు తేడాలున్నదా? నా అనుభవంలో రెండేళ్ల వయసులో మొదటిది, నాలుగేళ్లు వచ్చేసరికి రెండోది. నాలుగు తేడాలున్న పెట్టెను రెండేళ్ల బిడ్డ ముందు పోస్తే నోట్లో పెట్టుకుంటుంది, లేదా విసురుతుంది.

మూడేళ్ల పిల్లల్లో ఒక వింత చూడండి. రంగును బట్టి కార్డులు వేరు చేయమంటే చక్కగా చేస్తారు. ఇప్పుడు ఆట మారింది, కార్డు మీది బొమ్మను బట్టి వేరు చేద్దామంటే, సరే అని తల ఊపి, మళ్లీ రంగును బట్టే వేస్తారు. కొత్త నియమం ఏమిటని అడిగితే నోటితో సరిగ్గానే చెబుతారు! చెయ్యి మాత్రం పాత దారిలోనే పోతుంది. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఈ పరీక్షను ఎన్నోసార్లు చేసి చూశారు. చాలామంది ఐదేళ్లు వచ్చేసరికి మారగలుగుతారు. కనుక మూడేళ్ల పిల్ల వినడం లేదని కసరకండి. ఆ మాటకొస్తే ఎరుపు, ఆకుపచ్చ మళ్లీ మళ్లీ కలిపేసే మగపిల్లవాడినీ కసరవద్దు. ఒకసారి కంటి డాక్టరుకు చూపించండి.

ఇక వరుసల సంగతి. దీనికి రేడియోలోనే ఒక ఆట ఆడవచ్చు. చప్పట్లు కొట్టండి. చప్పట్టు, చప్పట్టు, చిటిక. చప్పట్టు, చప్పట్టు, చిటిక. చప్పట్టు, చప్పట్టు... ఆగాను. మీ వేళ్లు చిటిక వేయబోయాయి కదూ? తరువాత వచ్చేది ముందే తెలియడం, వరుస అంటే అదే. పూసలు గుచ్చడం కంటే ముందు చెవికి, ఒంటికి పట్టించాలి.

తరువాత చేతికి. మన ఇళ్లలో దీనికి కరువులేదు. దసరాకు గుమ్మానికి కట్టే దండలో పసుపు బంతి, నారింజ బంతి, మధ్య మామిడాకు. బతుకమ్మ పేర్చేటప్పుడు తాంబాలం చుట్టూ తంగేడు ఒక వరుస, దాని మీద గునుగు ఒక వరుస. పెద్దవాళ్ల పక్కన కూర్చుని పూలు అందించే పిల్ల ఏ పువ్వు తరువాత ఏ పువ్వో ఎవరూ చెప్పకుండానే పట్టేస్తుంది. వాకిట్లో ముగ్గు వేసేవారు ‘ఏడు చుక్కలు, నాలుగు వచ్చేదాకా సందు చుక్క’ అంటారే, అది ఏడు, ఆరు, ఐదు, నాలుగు అని తగ్గే వరుస. పిల్ల చేతికి సుద్దముక్క ఇచ్చి చుక్కలు మాత్రం పెట్టనివ్వండి. వంకరపోతే పోయాయి.

పూసలో, బంతిపూలో పేర్చేటప్పుడు మన వాళ్లు చేసే పొరపాటు ఒకటి ఉంది. ‘తరువాత ఏమి వస్తుంది? చెప్పు, చెప్పు’ అని ప్రాణం తీస్తారు. దాని బదులు మీరే తప్పు చేయండి. పసుపు, నారింజ, పసుపు, నారింజ, పసుపు, పసుపు అని పేర్చి ఏమీ ఎరగనట్టు కూర్చోండి. మా మనవరాలు నా చెయ్యి పట్టుకుని లాగింది. ‘అమ్మమ్మా, నీకు రాదు, ఉండు’ అని తానే తీసి సరిచేసింది. ఆ గర్వం ఏ బ్యాటరీ బొమ్మా ఇవ్వదు.

కొనే బొమ్మే కావాలంటే అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక లక్కబొమ్మలు చూడండి. వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు. అంకుడు కర్రను తరిణి పట్టి, అంటే తిప్పే యంత్రం మీద చెక్కి, తిరుగుతుండగానే లక్క అద్దుతారు. పసుపు, నీలిమందు వంటి సహజమైన రంగులు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, అంటే ఇవి ఫలానా ఊరి సరుకేనని చెప్పే అధికారిక నమోదు, వచ్చింది. సహజ రంగుల మీద దశాబ్దాలు కృషి చేసిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. నాకు నచ్చేది లక్కపిడతలు. చిట్టి పొయ్యి, చిట్టి రోలు, తిరగలి, బిందె, గరిటె. వీటిని రంగును బట్టి వేరు చేయవచ్చు, సరే. కానీ వండేవి ఇటు, రుబ్బేవి అటు, నీళ్లు పట్టేవి మరోవైపు అని పిల్ల ఎప్పుడైతే పెడుతుందో, అప్పుడు కంటికి కనిపించేదాన్ని దాటి పనిని చూసిందన్నమాట.

భద్రత గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మల మీద ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. నమోదైన హస్తకళాకారులు చేసి అమ్మేవాటికి, భౌగోళిక గుర్తింపు కింద నమోదైనవారి బొమ్మలకు మినహాయింపు ఉంది. కనుక లక్కబొమ్మ మీద ఆ గుర్తు లేకపోయినంత మాత్రాన నాసిరకం అనుకోవద్దు. చేసినవారి వివరం అడగండి.

ఇంట్లో ఒక కొలత పెట్టుకోండి. పది రూపాయల బిళ్ల అడ్డం 27 మిల్లీమీటర్లు. మూడేళ్లలోపు బిడ్డకు ఇచ్చే ఏ ముక్కయినా దానికంటే స్పష్టంగా పెద్దదిగా ఉండాలి. గుండీలు, చింతగింజలు, గవ్వలు ఆ తరువాతే, అదీ పెద్దవారు ఎదురుగా ఉన్నప్పుడే. ఇంట్లో చంటిబిడ్డ కూడా ఉంటే ఆట అవగానే సీసా పై అరలోకి ఎక్కాలి. గురివింద గింజలు ఎంత ముద్దుగా ఉన్నా వద్దు, అవి విషం. బిళ్ల బ్యాటరీలున్నవి, చిన్న అయస్కాంతాలున్నవి కొనకండి. మింగితే పేగుల దాకా ప్రమాదం.

మళ్లీ మా చాప దగ్గరకు వస్తాను. ఆ రోజు గిన్నెలన్నీ నిండాక రంగుల లెక్కన అంతా సరిపోయింది. మర్నాడు చూస్తే నా లెక్కకు అందలేదు. ఒకే గిన్నెలో తెల్లది, నల్లది, పెద్దది, చిన్నది. సర్దబోయి ఆగాను. ‘ఇవేమిటమ్మా?’ అన్నాను. ఒక గుండీ ఎత్తి నా ముక్కుకు ఆనించి చూపించింది. ‘దీనికి రెండు కళ్లు. వాటికి నాలుగు కళ్లు.’ గుండీల రంధ్రాలు. ఇన్నేళ్లు ఊడిన గుండీలు కుట్టిన చేతులు ఇవి, నాకెప్పుడూ ఆ విధంగా తట్టలేదు. ఒక్క గుండీ మాత్రం చాప మీదే మిగిలింది. కోటు గుండీ, కింద కాడ ఉంటుంది, పైన రంధ్రమే ఉండదు. దాన్ని ఏ గిన్నెలోనూ వేయలేదు. అలాగే పట్టుకుని నిద్రపోబోతే, గుప్పిట విప్పి తీసి సీసాలో వేశాను.

నమస్కారం.